మిర్చి కోల్డ్ స్టోరేజీకి పీఓఈ స్విచ్: ప్రాజెక్టు డైరీ

చోటు: గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. నాలుగు ఛాంబర్లు, లోడింగ్ షెడ్డు, ఆఫీసు గది, గేటు, గేటు అవతల కాటా. పాత ఏర్పాటులో ఒక్కో కెమెరా పక్కన ఒక్కో అడాప్టరు, ఆ అడాప్టరుకో ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సు నిండా మిరప దుమ్ము. అవన్నీ తీసేసి, ఆఫీసు ర్యాక్‌లోని ఒకే నెట్‌వర్క్ స్విచ్ నుంచి డేటా, కరెంటు రెండూ ఒకే కేబుల్లో పంపాలన్నది పని. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అంటే ఇదే. ఫిబ్రవరిలో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగడం మొదలయ్యేలోపు అయిపోవాలి.

స్విచ్ సిస్కో క్యాటలిస్ట్ 2960ఎక్స్, 24 పోర్టులు, పీఓఈ బడ్జెట్ (పోర్టులన్నిటికీ కలిపి ఇవ్వగలిగిన పవర్) 370 వాట్లు. కింద రాసిన కమాండ్లు దానివే. వేరే కంపెనీ స్విచ్ అయితే కమాండ్ల పేర్లు మారతాయి, లెక్క మారదు.

జనవరి 5: కాగితం మీద

పరికరాలు 21. మామూలు బుల్లెట్ కెమెరాలు 14, తిరిగే పీటీజెడ్ కెమెరాలు 2 (గేటు దగ్గరొకటి, షెడ్డు చివరొకటి), వైఫై యాక్సెస్ పాయింట్లు 3, ఐపీ ఫోన్లు 2.

పరికరం ఎంత తింటుందో స్విచ్‌కి ముందుగా తెలియదు. కేబుల్ తగలగానే చిన్న ఓల్టేజీతో తట్టి చూస్తుంది. అవతల 25 కిలో ఓమ్‌ల రెసిస్టరు కనిపిస్తే 'ఇది పీఓఈ పరికరం' అని గుర్తుపడుతుంది. తర్వాత దాని క్లాసు అడిగి, ఆ క్లాసుకు తగ్గ వాట్లు బడ్జెట్లో పక్కన పెడుతుంది. క్లాస్ 1కి 4 వాట్లు, క్లాస్ 2కి 7, క్లాస్ 3కి 15.4, క్లాస్ 4కి 30. ఏ క్లాసూ చెప్పని పరికరాన్ని క్లాస్ 0గా లెక్కేసి దానికీ 15.4 రాసేస్తుంది.

మన కెమెరాలు క్లాస్ 3, పీటీజెడ్‌లు, యాక్సెస్ పాయింట్లు క్లాస్ 4, ఫోన్లు క్లాస్ 2. 14 × 15.4 = 215.6, 2 × 30 = 60, 3 × 30 = 90, 2 × 7 = 14. మొత్తం 379.6. బడ్జెట్ 370. అంటే 9.6 వాట్లు ఎక్కువైంది. డేటా షీట్లలో వాడకం కలిపితే ఇంత రాదు. స్విచ్ కొనేవాళ్లు షీట్లు కూడి 'బోలెడంత మిగులుతుంది' అనుకునేది ఇక్కడే. స్విచ్ లెక్కపెట్టేది వాడకాన్ని కాదు, కేటాయింపుని.

జనవరి 6: మొదటిసారి పవర్

21 కేబుళ్లూ పెట్టి 'షో పవర్ ఇన్‌లైన్' కొడితే 20 పోర్టులు ఆన్, ఒక కెమెరా పోర్టు పవర్ డినై, అంటే స్విచ్ పవర్ ఇవ్వనంది. ఊహించిందే. పోర్టు పాడవలేదు, కెమెరా పాడవలేదు, దాని వంతు వచ్చేసరికి గంపలో సరుకు లేదు, అంతే.

ఆ పోర్టులో ఖాళీ ప్యాచ్ కార్డు పెట్టి మల్టీమీటరుతో చూసి 'ఓల్టేజీ రావట్లేదు, పోర్టు డెడ్' అని తేల్చేయకూడదు. స్టాండర్డ్ పీఓఈ పోర్టు అవతల పరికరం లేకుండా 54 ఓల్టులు ఎప్పటికీ వదలదు. మీటరు ముల్లు అప్పుడప్పుడూ పది ఓల్టుల లోపు చిన్నగా ఎగిరి పడుతుంది, అది స్విచ్ తట్టి చూడడం. పోర్టు బాగుందో లేదో తెలియాలంటే పనిచేస్తున్న ఇంకో కెమెరా తెచ్చి పెట్టడమే దారి.

ఇలాంటిదే మరొకటి. ఆఫీసు డాబా మీద పాత రేడియో లింకు ఉంది. దానికి 24 ఓల్టుల పాసివ్ ఇంజెక్టరు. ఆ రేడియోలో 25 కిలో ఓమ్‌ల గుర్తు ఉండదు కాబట్టి ఈ స్విచ్ దానికి పవర్ ఇవ్వదు, ఇంజెక్టరు అలాగే ఉంచాలి. పాసివ్ ఇంజెక్టరు అడగదు, చూడదు, ఏది తగిలిస్తే దానికి 24 ఓల్టులు తోస్తుంది. ల్యాప్‌టాప్ తగిలించినా తోస్తుంది. అందుకే దాని మీద ఎర్ర టేపు చుట్టాం.

జనవరి 7: తొందరపాటు లెక్క

పగలు ఒక్కో కెమెరా పోర్టు చూస్తే వాడకం 4.6 నుంచి 4.9 వాట్లు. 15.4 కేటాయింపు దండగ అనిపించి కెమెరా పోర్టులన్నిటి మీదా ఇది పెట్టాం:

పవర్ ఇన్‌లైన్ కన్‌సంప్షన్ 7000
పవర్ ఇన్‌లైన్ పోలీస్

మొదటి లైను: క్లాసు ఏం చెప్పినా ఈ పోర్టుకి 7 వాట్లే లెక్క రాయి. అంకె మిల్లీవాట్లలో ఇవ్వాలి. రెండో లైను: ఆ హద్దు దాటితే పోర్టు ఎర్ర్-డిసేబుల్‌లోకి పంపు, అంటే ఆపేసి ఉంచు. కేటాయింపుల మొత్తం వెంటనే 262కి దిగింది, ఆగిపోయిన కెమెరా కూడా వెలిగింది.

సాయంత్రం 6:03కి షెడ్డు లోపల, గోడ మూల కెమెరా పోయింది. 6:05కి దాని పక్కది. ఛాంబర్ల నడవాలోవి ఒక్కొక్కటిగా 6:10 లోపు. పడమటి ఆకాశం కనిపించే రెండూ అన్నిటికన్నా చివర, 6:21కి. మానిటరు మీద గళ్లు ఒక్కొక్కటే నల్లబడుతుంటే వరసను బట్టే కారణం తెలిసిపోయింది: ఎక్కడ ముందు చీకటి పడితే అక్కడి కెమెరా ముందు ఆగింది. చీకట్లో ఐఆర్ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలిగితే ఇవే కెమెరాలు 9 వాట్ల దగ్గరికి పోతాయి. హద్దు 7. పోలీస్ తన పని తాను చేసింది.

'ఎర్ర్‌డిసేబుల్ రికవరీ కాజ్ ఇన్‌లైన్-పవర్' పెడితే పోర్టు దానంతటదే లేస్తుంది, మామూలుగా 300 సెకన్లకు. కానీ ఇక్కడ దాన్ని మందు అనుకోకూడదు. లేచిన కెమెరా మళ్లీ ఐఆర్ వెలిగిస్తుంది, మళ్లీ పడుతుంది. రాత్రంతా అయిదు నిమిషాలకోసారి అదే తంతు.

ఆ రాత్రికి రెండు లైన్లూ తీసేసి, ఒక యాక్సెస్ పాయింటు కేబుల్ ఊడదీసి, కెమెరాలన్నీ నిలబెట్టాం.

జనవరి 8: ఎల్‌ఎల్‌డీపీ

నిన్న కెమెరాల దగ్గర కోత పెట్టబోయాం గానీ, కోత పెట్టాల్సింది యాక్సెస్ పాయింట్ల దగ్గర. వాటికి 30 చొప్పున 90 పోతోంది. అవి తమకు కావలసింది 0.1 వాటు తేడాతో అడగగలవు. కాకపోతే అడిగేది, పరికరాలు ఒకదానికొకటి తమ వివరాలు చెప్పుకునే ఎల్‌ఎల్‌డీపీ భాషలో. ఈ స్విచ్‌లో సీడీపీ (అదే పనికి సిస్కో సొంత భాష) మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది, ఎల్‌ఎల్‌డీపీ ఉండదు. గ్లోబల్ కాన్ఫిగ్‌లో 'ఎల్‌ఎల్‌డీపీ రన్' అన్న ఒక్క లైను కొట్టి, యాక్సెస్ పాయింట్ల పోర్టులు షట్, నో షట్ చేశాం (ఆపి మళ్లీ వేశాం). నిమిషంలో మూడూ 22 వాట్ల చొప్పున అడిగి తీసుకున్నాయి. 90 కాస్తా 66 అయింది. మొత్తం 355.6. ఏ కెమెరాకీ కోత పెట్టకుండానే అందరికీ పవర్ అందింది.

యాక్సెస్ పాయింటుకి అడిగినంత ఇవ్వకపోతే కొన్ని రకాలు ఆగిపోవు, ఒక రేడియో కట్టేసుకుని లేదా తక్కువ బలంతో నడుస్తాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది, వైఫై మాత్రం షెడ్డు మధ్యలో తెగుతుంది. అందుకని 'వైఫై వీక్' అన్న ఫిర్యాదు వస్తే యాంటెన్నా జోలికి వెళ్లేముందు ఆ పోర్టు ఎన్ని వాట్లు ఇస్తోందో చూడాలి.

మిగిలింది 14.4 వాట్లు. ఇంకో క్లాస్ 3 కెమెరా పెట్టాలంటే 15.4 కావాలి. ఒక్క వాటు తక్కువ. ఈ లెక్క సంక్రాంతి తర్వాత మళ్లీ.

జనవరి 9, 10: గేటు కెమెరా

ప్రాజెక్టులో ఎక్కువ సమయం మింగింది ఇదే. పోర్టు 15, గేటు స్తంభం మీది పీటీజెడ్, ర్యాక్ నుంచి 88 మీటర్లు. పాత కేబుల్ భూమిలో పైపులో ఉందని దాన్నే వాడాం. వాచ్‌మన్ మాట: "లారీ వచ్చి కెమెరా తిప్పితే చాలండీ, గుడ్డిదైపోద్ది. రెండు నిమిషాలకి మళ్లీ తనే వస్తది."

'షో పవర్ ఇన్‌లైన్' పట్టికలో వాట్ల వరస చూసి మోసపోకూడదు. అందులో కనిపించేది ఎక్కువగా కేటాయింపే. నిజం చెప్పేది ఇది:

షో పవర్ ఇన్‌లైన్ జీఐ 1/0/15 డీటెయిల్

కింద రెండు లైన్లు: పోర్టు దగ్గర ఇప్పుడు కొలిచిన వాట్లు, పవర్ వచ్చినప్పటి నుంచి పరికరం లాగిన గరిష్ఠం. ఇంకా కిందికి ఓవర్ కరెంట్ కౌంటరు. మన పోర్టులో ఇప్పుడు 17.8, గరిష్ఠం 29.7, ఓవర్ కరెంట్ 11 సార్లు. పోర్టు ఆపి మళ్లీ వేస్తే గరిష్ఠం సున్నా నుంచి మొదలవుతుంది, అందుకే చదివి రాసుకున్నాకే షట్ కొట్టాలి.

కెమెరా షీటు ప్రకారం గరిష్ఠం 25.5 వాట్లు. క్లాస్ 4 పరికరం దగ్గర ఉండదగ్గదే అంత. స్విచ్ ఇవ్వగలిగేది 30. మధ్యలో ఉన్న 4.5 వాట్లు కేబుల్ తినడానికి స్టాండర్డ్ వదిలిన వాటా. మన కేబుల్ ఆ వాటా దాటి తింటోందన్నమాట.

కొలత ఇలా. రెండు చివర్లా కనెక్టర్లు తీసి, గేటు దగ్గర ఆరెంజ్ జతలోని రెండు తీగలు, ఇంకో జత నుంచి ఆకుపచ్చ తీగ, మూడూ కలిపి మెలిపెట్టాం. ర్యాక్ దగ్గర మీటరు తీగల సొంత రెసిస్టెన్సు తీసేసి, రెండేసి తీగల మధ్య చూశాం: ఆరెంజ్, తెల్ల ఆరెంజ్ మధ్య 25.1 ఓమ్‌లు, ఆరెంజ్, ఆకుపచ్చ మధ్య 26.0, తెల్ల ఆరెంజ్, ఆకుపచ్చ మధ్య 24.7. ఒక్క తీగ విలువ కావాలంటే అది ఉన్న రెండు కొలతలూ కూడి, అది లేని కొలత తీసేసి, సగం చేయాలి. ఆరెంజ్ 13.2, తెల్ల ఆరెంజ్ 11.9.

24 గేజ్ రాగి అయితే 88 మీటర్ల జతకు 15 ఓమ్‌ల లోపు రావాలి. వచ్చింది 25. కేబుల్ చివర బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల వెండి తెలుపు. రాగి పూత వేసిన అల్యూమినియం, మార్కెట్లో సీసీఏ అంటారు. రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగింది కూడా. తొడుగు మీద మాత్రం క్యాట్6 అనే ముద్ర.

ఇప్పుడు లెక్క. కరెంటు ఒక జతలో రెండు తీగల మీదుగా వెళ్లి, ఇంకో జతలో రెండు తీగల మీదుగా తిరిగి వస్తుంది కాబట్టి మొత్తం దారి 12.5 ఓమ్‌లు. రెండు చివర్లా సన్న ప్యాచ్ కార్డులు, వదులు కాంటాక్టులు కలిపి సుమారు 15. స్విచ్ 54 ఓల్టులు ఇస్తుంటే, కెమెరా 25.5 వాట్లు లాగినప్పుడు కరెంటు 0.56 ఆంపియర్లు, కేబుల్లో వేడిగా పోయేది 4.7 వాట్లు, స్విచ్ పంపాల్సింది 30.2. హద్దు 30. లారీ వచ్చినప్పుడు మోటారు, ఐఆర్ ఒకేసారి నడుస్తాయి, ఆ 0.2 వాటు దగ్గర పోర్టు కట్. 'దూరం ఎక్కువైంది, ఓల్టేజీ పడిపోతోంది' అని చాలామంది అంటారు. కెమెరా దగ్గర ఇంకా 45 ఓల్టులకు పైనే ఉంది, అది దానికి చాలు. అయిపోయింది ఓల్టేజీ కాదు, స్విచ్ దగ్గరి వాట్లు.

ఈ కేబుల్లో ఇంకో జబ్బు కూడా ఉంది. ఒకే జతలో 13.2కీ 11.9కీ తేడా, వాటి మొత్తంతో చూస్తే 5 శాతం పైన. ఉండదగ్గది 3 శాతం. రెండు తీగల్లో కరెంటు సమానంగా పారకపోతే పోర్టు లోపలి ట్రాన్స్‌ఫార్మరు కోరు ఒకవైపు సంతృప్తమవుతుంది, డేటా చెడుతుంది. పవర్ పడిపోని వేళల్లో కూడా ఈ పోర్టులో సీఆర్‌సీ తప్పులు (దారిలో చెడిన డేటా లెక్క) పెరుగుతుండడానికి కారణం అదే. వీడియోలో గళ్లు గళ్లుగా రావడం చూసి కెమెరా మార్చేస్తే ఒరిగేదేమీ లేదు.

10న కొత్త కేబుల్ లాగాం: 24 గేజ్ అసలు రాగి, జెల్లీ నింపిన బయటి రకం, 88 మీటర్లు, మధ్యలో జాయింటు లేకుండా. జత కొలత 14.9. ప్యాచ్ కార్డులు కూడా రాగివి. మొత్తం దారి 8 ఓమ్‌లు. అదే 25.5 వాట్లకు ఇప్పుడు స్విచ్ పంపాల్సింది 27.6. చీకట్లో కెమెరాను పావుగంట ఏకధాటిగా తిప్పితే గరిష్ఠం 27.5, ఓవర్ కరెంట్ సున్నా.

జనవరిలో కొలిచి సంబరపడితే సరిపోదు. రాగి రెసిస్టెన్సు డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. మే నెలలో పైపులో కేబుల్ ఇప్పటికన్నా 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే 8 ఓమ్‌లు 9 అవుతాయి, స్విచ్ దగ్గర 27.9. పరవాలేదు. పాత కేబుల్ ఉండి ఉంటే ఎండాకాలంలో ఇంకా తరచుగా పడేది.

స్తంభం దగ్గర సర్జ్ ప్రొటెక్టరు పెట్టాం. అది పీఓఈ రకమే కావాలి. డేటాకు మాత్రమే చేసినవి 54 ఓల్టులను చూసి పిడుగు పడిందనుకుని షార్ట్ చేస్తాయి. ఎర్త్ తీగ పొట్టిగా, నేరుగా. ర్యాక్ వైపు కూడా ఒకటి.

రెండు పీటీజెడ్ పోర్టులకూ చివరి కాన్ఫిగ్:

పవర్ ఇన్‌లైన్ స్టాటిక్ మాక్స్ 30000
పవర్ ఇన్‌లైన్ పోలీస్ యాక్షన్ లాగ్

స్టాటిక్ అంటే కెమెరా ఊడదీసినా ఆ 30 వాట్లు దాని పేరు మీదే ఉంటాయి, ఇంకెవరికీ పోవు. కరెంటు పోయి వచ్చాక ఎవరు ముందు లేచినా గేటు కెమెరా వాటా చెక్కుచెదరదు. యాక్షన్ లాగ్ అంటే హద్దు దాటితే పోర్టు ఆపకుండా లాగ్‌లో రాయమని. గేటు కెమెరాను నిబంధన పేరుతో ఆపేయడం కన్నా లాగ్‌లో ఒక లైను చదువుకోవడం మేలు.

జనవరి 12: ఛాంబర్ల తలుపులు

ఛాంబర్ లోపల చలి, బయట వెచ్చటి గాలి. పఫ్ ప్యానెల్‌కి (చలి పోకుండా ఫోమ్ నింపిన గోడ పలక) రంధ్రం పెట్టి కండ్యూట్ (కేబుల్ పైపు) దింపితే ఆ కండ్యూట్ పొగగొట్టంలా పనిచేసి తేమ గాలిని లోపలికి లాగుతుంది, అది చల్లబడి కనెక్టరు మీద నీళ్లవుతుంది. అడాప్టరు రోజుల్లో కనెక్టరులో ఉన్నది డేటా మాత్రమే, తడిసినా ఎండేది. ఇప్పుడు అక్కడ 54 ఓల్టుల డీసీ ఉంది. తేమ, డీసీ కలిస్తే పిన్నులు పచ్చగా తుప్పెక్కిపోతాయి.

చేసింది: కండ్యూట్ రెండు చివర్లా ఫోమ్ నింపడం, కనెక్టరును ఛాంబర్ బయటి జంక్షన్ బాక్సులో పెట్టి కెమెరా తోక తీగ మాత్రమే లోపలికి పంపడం, బాక్సుకి కింది వైపు నుంచే కేబుల్ ఎక్కించడం, పిన్నుల మీద డైఎలెక్ట్రిక్ గ్రీజు. తోక తీగ లోపలికి చాలని రెండుచోట్ల కనెక్టరు లోపలే ఉంది, వాటికి వాటర్‌ప్రూఫ్ గ్లాండ్ బిగించాం.

పవర్ ఉండగా కనెక్టరు పీకితే చిన్న నిప్పురవ్వ లేచి పిన్ను బంగారు పూత కాలుతుంది. ముందు పోర్టు షట్, తర్వాత పీకడం.

జనవరి 17: మూడు రాత్రుల అంకెలు

సంక్రాంతికి హమాలీలు లేరు, పని లేదు, షెడ్డులో లైట్లు లేవు. కొలతకు ఇంతకన్నా మంచి రోజులు దొరకవు: మూడు రాత్రులూ అన్ని ఐఆర్‌లూ తెల్లవార్లూ వెలిగాయి. ఈ ఉదయం డీటెయిల్‌లో గరిష్ఠాలు చదివితే 13 కెమెరాలు 8.4 నుంచి 9.1 మధ్య, ఒకటి 9.8. ఆ ఒక్కటీ 81 మీటర్ల అవతల ఉంది, అదనంలో కొంత కేబుల్ ఖర్చు.

ఇప్పుడు కెమెరా పోర్టుల మీద మళ్లీ అవే రెండు లైన్లు, ఈసారి 11000తో. ఎండాకాలానికీ, పాతబడే కాంటాక్టులకూ ఒక వాటు పైన వదిలాం. 14 × 11 = 154, పీటీజెడ్‌లు 60, యాక్సెస్ పాయింట్లు 66, ఫోన్లు 14. మొత్తం 294, మిగులు 76. కెమెరా మోడల్ మార్చినా, ఫర్మ్‌వేర్‌లో ఐఆర్ బలం పెంచినా ఈ 11 పనికిరాదు, కొలత మొదటి నుంచి. ఆ సంగతి పోర్టు డిస్క్రిప్షన్‌లోనే రాశాం.

రికార్డరు, ఆఫీసు కంప్యూటరు ఉన్న పోర్టులకు 'పవర్ ఇన్‌లైన్ నెవర్', అంటే పవర్ ఎప్పుడూ ఇవ్వొద్దని.

జనవరి 18: యూపీఎస్, కాటా

రాత్రి నిజంగా పోర్టుల్లో పారేది సుమారు 200 వాట్లు. స్విచ్ సొంత ఖర్చు, పవర్ సప్లై నష్టం కలిపి యూపీఎస్ తెర మీద 280. 600 వాట్ల యూపీఎస్ సరిపోతుంది. జనరేటర్ అందుకునేదాకా ఆగితే చాలు. మెయిన్ తీసి రెండుసార్లు చూశాం, ఒక్క పోర్టూ కదలలేదు. యూపీఎస్ కూడా ఆపి మళ్లీ వేస్తే స్విచ్ బూట్ అయ్యాక 21 పోర్టులూ లేచాయి, పవర్ డినై ఒక్కటీ లేదు.

కాటా 140 మీటర్లు. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, ఎక్స్‌టెండర్ పెడితే అది కూడా ఇదే పోర్టు నుంచి తింటుంది. అక్కడికి ఫైబరు లాగి, కాటా గదిలో 8 పోర్టుల చిన్న పీఓఈ స్విచ్, దానికి అక్కడి కరెంటు. గేటు వైపూ కాటా వైపూ ఎర్తింగ్ వేరు కాబట్టి మధ్యలో రాగి లేకపోవడమే మంచిది.

మిగిలిన పనులు: పాత సీసీఏ కేబుల్ మీదే ఉన్న షెడ్డు చివరి పీటీజెడ్ (46 మీటర్లు, గరిష్ఠం 27.9, ప్రస్తుతానికి ఆగుతోంది) మార్చడం, ఛాంబర్ 3 తలుపు మీది జంక్షన్ బాక్సు ఒక నెల తర్వాత తెరిచి తేమ చూడడం, మే రెండో వారంలో మధ్యాహ్నం మూడింటికోసారి, చీకటి పడ్డాకోసారి పోర్టు 15 డీటెయిల్ చదవడం.